అవతలి గట్టున ఐలా

“ఈ కుక్కని ఇవ్వను.”

ఐలా నోటివెంట వచ్చిన ఆ మాట దగ్గరే కిందటి వారం కథ ఆగింది. చూపు లేనివాళ్ళకి దారి చూపించే కుక్కల్ని తయారుచేసే బడి అది, తుర్కు ఊరి శివార్లలో. ఊళ్ళో అందరూ కుక్కలబడి అంటారు. వెన్లా రెండు వారాలపాటు ఆ బడిలోనే ఉండి, పిల్వి అనే నల్ల లాబ్రడార్‌తో నడవడం నేర్చుకుంది. నేర్పింది ఐలా. ఆఖరి రోజు కుక్కని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళాలని వెన్లా సంచీ సర్దుకుని కూర్చుంది. ఆఖరి పరీక్షలో, వీధి దాటేచోట, చప్పుడు చెయ్యని కరెంటు కారొకటి మలుపు తిరిగి మీదికొచ్చింది. వెనక నడుస్తున్న ఐలా “ఆగు” అని కేకేసింది. కారు వెళ్ళిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ సాయంత్రమే ఐలా తీర్పు చెప్పేసింది. పిల్వి పనికి రాదు. వెన్లా ఒంటరిగా టాక్సీ ఎక్కింది.

ఆ తీర్పుని బడిలో ఎవరూ ప్రశ్నించలేదు. ఐలా మాటని ప్రశ్నించే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

ఆమె ఈ బడికి వచ్చిన తీరు అందరికీ తెలిసిందే. వయసులో ఉన్నప్పుడు పన్నుల ఆఫీసులో గుమాస్తాగా ఉండేది. బడి తరఫున ఒక కుక్కపిల్లని ఏడాదిపాటు ఇంట్లో పెంచి ఇవ్వడానికి ఒప్పుకుంది. గడువు తీరాక దాన్ని అప్పజెప్పడానికి వెళ్ళి, తాడు వాళ్ళ చేతిలో పెట్టి, వెనక్కి రాలేకపోయింది. దీనికి పని ఎలా నేర్పుతారో చూస్తానని సాయంత్రం దాకా అక్కడే నిలబడింది. మర్నాడూ వెళ్ళింది. నెల తిరక్కుండా పన్నుల ఆఫీసుకి రాజీనామా ఇచ్చి, కుక్కల గదులు కడిగే పనిలో చేరింది. “మా ఆవిడ కుక్కని ఇచ్చి రమ్మంటే తనని తాను ఇచ్చేసి వచ్చింది” అని ఆమె భర్త బతికున్నంతకాలం నవ్వుతూ చెప్పేవాడు.

అంత ఇష్టంతో పనిచేసే మనిషికి పైన ఇంకో మనిషి ఎందుకని అందరూ అనుకున్నారు. ఏ కుక్కకి ఏ పద్ధతిలో నేర్పాలో, ఎంతకాలం నేర్పాలో, ఎవరి చేతికివ్వాలో అన్నీ ఆమె ఇష్టం. సెలవుల్లో కుక్కల్ని ఎవరు చూసుకుంటారంటే ఐలా. జబ్బుపడ్డ కుక్క పక్కన రాత్రి ఎవరు పడుకుంటారంటే ఐలా. “నీకు ఇష్టమే కదా” అనేవాళ్ళు. ఇష్టమే, కాబట్టి ఆమె కాదనేది కాదు. ఆమె కాదనదు కాబట్టి వాళ్ళూ ఆమె మాట కాదనేవాళ్ళు కాదు. బడిలో ఎప్పుడూ ఎవరూ పైకి అనుకోని ఒప్పందం ఇది.

వసంతంలో కొత్త డైరెక్టరు వచ్చాడు. ఇల్కా. రైల్వేలో భద్రత చూసే విభాగం నుంచి వచ్చినవాడు. అక్కడ ప్రాణానికి సంబంధించిన ఏ నిర్ణయాన్నయినా ఇద్దరు చూడందే ముందుకు కదలనివ్వరు. ఇక్కడా ఆఖరి పరీక్షకి ఇద్దరు శిక్షకులు ఉంటే బాగుంటుందని మొదటి నెలలోనే అన్నాడు. మిగతా శిక్షకులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఐలా పక్కన ఇంకొకరా? ఎవరు నిలబడతారు? ఆమె ఆ రోజు కాఫీ తాగడానికి వచ్చి అందరితో కూర్చోలేదు. ఇల్కా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక ఈ గురువారం సంగతి.

పొద్దున్నే మంచు కురిసినట్టు పొగమంచు. ఐలా కుక్కల వంటగదిలో తిండి కలుపుతోంది. వరండాలో తెల్లకర్ర చప్పుడు వినిపించింది. గోడవారగా, తొందర లేకుండా, ప్రతి తలుపు దగ్గరా ఒక్క క్షణం ఆగుతూ వస్తోంది ఆ చప్పుడు. తలెత్తేసరికి గుమ్మంలో వెన్లా ఉంది. రెండు బస్సులు మారి ఒక్కతే వచ్చింది. కోటు భుజాలు తడిసిపోయాయి.

ముప్ఫైనాలుగేళ్ళ మనిషి వెన్లా. రేడియోలో పని. రికార్డు చేసిన మాటల్నీ, చప్పుళ్ళనీ కత్తిరించి వరసలో పెట్టడం ఆమె ఉద్యోగం. చూపు చిన్నప్పటినుంచీ తగ్గుతూ తగ్గుతూ వచ్చి, మూడేళ్ళ కిందట పూర్తిగా ఆగిపోయింది.

“కూర్చో, కాఫీ తెస్తాను” అంది ఐలా.

“వద్దండీ. మీతో మాట్లాడి వెళ్ళిపోతాను.”

ఆ బడిలో చిన్నా పెద్దా అందరూ ఒకళ్ళనొకళ్ళు నువ్వనే పిలుచుకుంటారు. రెండు వారాలు వెన్లా కూడా నువ్వనే అంది. ఇప్పుడు మీరంటోంది. ఐలా చెయ్యి కడుక్కుని, తువ్వాలుకి తుడుచుకుని, ఎదురుగా నిలబడింది.

ఎందుకు ఇవ్వనన్నారో తనకి సరిగ్గా చెప్పాలని వెన్లా అడిగింది. ఐలా ఓపిగ్గా చెప్పింది, ఇంతకుముందు ఎంతోమందికి చెప్పినట్టే. ఈ కుక్కకి చెప్పినమాట వినడం ఒక్కటే వస్తే చాలదు. వినకూడని చోట వినకుండా ఉండటమూ రావాలి. మనిషి ‘పద’ అన్నా, ఎదురుగా కారుంటే కదలకూడదు. ఆ క్షణంలో కుక్క తన బుద్ధితో తాను నిర్ణయించుకోవాలి, ఇంకెవరినీ అడగకూడదు. పిల్వి అడిగింది. కారు వస్తుంటే తల తిప్పి వెనక్కి, ఐలా వైపు చూసింది. అలా చూసే కుక్క చేతిలో ఒక మనిషి ప్రాణాన్ని తను పెట్టలేదు.

వెన్లా అంతా విని, నెమ్మదిగా అడిగింది. “అది ఎప్పుడు తల తిప్పింది? మీరు అరవక ముందా, అరిచాకా?”

“ముందే. అది చూసే కదా అరిచాను.”

వెన్లా ఎడమ చెయ్యి కాస్త ముందుకు చాచి, వేళ్ళు ముడిచింది. కుక్క వీపు మీది పట్టీకి ఉండే పిడిని పట్టుకున్నట్టు.

“పిడి నా చేతిలో ఉంది. తడి రోడ్డు మీద టైర్ల శబ్దం నాకు వినపడేలోపే పిల్వి ఆగిపోయింది. నాకు తెలీక ‘పద’ అన్నాను. కదల్లేదు. పిడి గోడకి బిగించినట్టయిపోయింది. ఆ తర్వాత మీ కేక. కేక విని అది తల తిప్పింది, అప్పుడు పిడి వదులైంది. ముందు అది ఆగింది, తర్వాత మీరు అరిచారు. చప్పుళ్ళ వరస సరిచూసుకోవడమే నేను చేసే పని. ఈ వరస నేను తప్పు చెప్పను.”

ఐలాకి చెవులు వేడెక్కాయి. “నీకు ఆ కుక్క కావాలి. అందుకని నీకలా గుర్తుంది.”

“మీకు ఇవ్వాలని లేదు. అందుకని మీకలా గుర్తుందేమో.”

తిండి గిన్నెల చప్పుడు ఆగేసరికి గదుల్లోంచి ఒక కుక్క గట్టిగా మొరిగింది. ఐలా గొంతు పెంచలేదు. తను ఈ బడినుంచి పంపిన ఏ కుక్క వల్లా ఈ రోజుదాకా ఒక్క మనిషికి గీత పడలేదని చెప్పింది. అందులో అబద్ధం లేదు.

“నిజమే” అంది వెన్లా. “ఇంట్లో కూర్చున్న మనిషికి గీత ఎలా పడుతుంది?”

వెన్లా బల్ల అంచు తడిమి కూర్చుంది. ఇప్పుడు ఆమె గొంతులో కోపం తగ్గి అలసట కనిపించింది. తన ఆఫీసు గురించి చెప్పింది. అక్కడ తనకి పూర్తి స్వేచ్ఛ ఉందట. ఏ పని ముందు, ఏది తర్వాత, పొద్దున్న చెయ్యాలా సాయంత్రమా, ఎవరూ అడగరు. తను చేసే పని తనకి ప్రాణం కాబట్టి వాళ్ళకీ నమ్మకం. “కానీ అక్కడికి చేరాలంటే మా పక్కింటావిడ వీలు చూసుకోవాలి. ఆవిడకి ఎనిమిదికి కుదిరితే ఎనిమిదికి, తొమ్మిదికి కుదిరితే తొమ్మిదికి. ఆవిడ కొడుక్కి జ్వరమొస్తే నాకు సెలవు. ఇలా ఎంత స్వేచ్ఛ ఇస్తే మాత్రం నేనేం చేసుకోను? మీకు మీ పనంటే ఎంతిష్టమో నాకు నా పనంటే అంతిష్టం. మీ ఇష్టం నా దారికి అడ్డంగా కూర్చుంది.”

ఎప్పుడొచ్చాడో గానీ గుమ్మంలో ఇల్కా ఉన్నాడు. అతను ఇద్దరికీ సర్దిచెప్పే ప్రయత్నమేమీ చెయ్యలేదు. చెప్పుకున్నది చాలు, వెళ్ళి నడిచి చూద్దామన్నాడు, ఔరా నది ఒడ్డున, ఇప్పుడే. కుక్క ఏం చేస్తుందో ముగ్గురూ చూడొచ్చు. వద్దనడానికి ఐలాకి కారణం దొరకలేదు. వద్దనాలని మాత్రం ఉంది.

ఒడ్డుకి చేరేసరికి పొగమంచు విడిపోయింది. చెట్ల ఆకులు పసుపురంగు తిరిగి, రాతిబాట నిండా తడిగా పరుచుకుని ఉన్నాయి. నదిలో పడవ హోటళ్ళు చలికాలానికి మూసేసి కట్టి ఉంచారు. వెన్లా పిడి అందుకోగానే పిల్వి వీపు సర్దుకుని, చెవులు ముందుకి పెట్టి నిలబడింది. “పద” అంది వెన్లా.

నోరెత్తనని మాటిచ్చి, ఐలా వెనకాల దూరంగా నడిచింది. కుక్క బాగానే నడుస్తోంది. బెంచీలు తప్పించింది. సైకిలు వస్తే పక్కకి జరిగింది. కానీ మెట్ల దగ్గరా, వంతెన కింద మలుపు దగ్గరా, నిర్ణయం తీసుకోవాల్సిన ప్రతిచోటా, ఆగి ఒక్కసారి తల వెనక్కి తిప్పింది. ఐలా వైపు.

“చూశావా?” అంది ఐలా పక్కనున్న ఇల్కాతో, ఆగలేక. తన మాటే నిలబడిందన్న సంతోషం ఆమెకేమీ కలగలేదు. ఎందుకో దిగులేసింది.

వెన్లా ఆగిపోయింది. “గాలి మీ వైపు నుంచే కదా వీస్తోంది? నా వీపుకి తగులుతోంది.”

“అవును.”

“అంటే మీ వాసన దీనికి అందుతూనే ఉంది. ఏడాదిన్నరగా దీనికి పని అంటే మీరే. బాగా చేస్తే మెచ్చుకునేది మీరు, తప్పు చేస్తే సరిదిద్దేది మీరు. మీరు వెనకాల ఉన్నంతసేపూ ఇది మీ పనే చేస్తుంది. నా పని ఎప్పుడు మొదలుపెట్టాలి?”

ఐలా ఇల్కా వైపు చూసింది. అతను నది వైపు చూపించాడు. మనుషుల్ని, సైకిళ్ళని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి రోజంతా దాటించే పసుపురంగు ఫెర్రీ అప్పుడే ఇటు వచ్చి ఆగింది. వెన్లా వెనక తను నడుస్తానని, అవసరమైతే భుజం పట్టుకునేంత దగ్గరగా ఉంటానని అతనన్నాడు. అతను పిల్వికి ఏమీ కాడు. అతని వైపు చూడాల్సిన పని దానికి లేదు.

ఫెర్రీలో ఐలాతోపాటు బడిపిల్లలు కొందరు, కూరగాయల సంచులతో ఒక ముసలాయన ఉన్నారు. ఆమె రెయిలింగు పట్టుకుని నిలబడి, దూరమవుతున్న గట్టునే చూస్తోంది. ఇన్నేళ్ళలో నేర్చుకుంటున్న కుక్కకీ తనకీ మధ్య ఇంత నీళ్ళు ఎప్పుడూ లేవు. దిగాక గట్టు చివరికంటా వెళ్ళి నిలబడింది. గాలి ఇప్పుడు నది పొడుగునా వీస్తోంది. అరిచినా అటు వినపడదు.

వెన్లా, పిల్వి కదిలారు. వాళ్ళ వెనక నాలుగడుగుల దూరంలో ఇల్కా పొడుగాటి కోటు.

కాసేపటికి ఐలాకి అది కనిపించింది. వాళ్ళకి ముందు, బాట నదివైపు వంగేచోట, పని జరుగుతోంది. అంచు రాళ్ళు తీసేశారు. చుట్టూ కట్టిన ఎర్ర తెల్ల రిబ్బను గాలికి ఊడి ఒక పక్కన పడుంది. రాళ్ళు తీసిన చోట గుంట, గుంట అవతల సరాసరి నీళ్ళు. ఇటు నుంచి అది స్పష్టంగా కనిపిస్తోంది. అటు మాత్రం గుంట మీద ఆకులు పరుచుకుని ఉండొచ్చు. పైగా ఇల్కాకి ముందు వెన్లా అడ్డం.

ఐలా ఊపిరి నిండా పీల్చింది. కేక గొంతు దాకా వచ్చింది. వినపడదని తెలిసినా వచ్చింది. రెండు చేతులూ ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది, పిలవడానికి కాదు, ఆ కేకని ఆపుకోడానికి.

పిల్వి ఆగింది.

వెన్లా ఏదో అంది. ‘పద’ అనే అయ్యుంటుంది. కుక్క కదల్లేదు. వెన్లా ఇంకోసారి అని, పిడిని ముందుకి తోసినట్టుంది, భుజం కదిలింది. ఈసారి పిల్వి గిరుక్కున తిరిగి ఆమె మోకాళ్ళకి అడ్డంగా నిలబడింది. ఇల్కా గబుక్కున ఒకడుగు ముందుకేసి, అక్కడే ఆగిపోయాడు. చెయ్యవలసిన పని అప్పటికే జరిగిపోయింది. వెన్లా కర్ర తీసి, కుక్క మీదుగా ముందుకి చాచి, నేలని వెతికింది. కర్ర కొస గాల్లోకి దిగిపోయింది. ఆమె అలాగే కదలకుండా ఉండిపోయింది, చాలాసేపు. తర్వాత వంగి కుక్క మెడ మీద చెయ్యి వేసింది. కాస్త ఆగి ఇంకేదో చెప్పింది. పిల్వి ఎడమవైపు తిరిగి, గడ్డి మీదుగా, చెట్టు పక్కనుంచి ఆమెని చుట్టూ తిప్పి, మళ్ళీ బాట మీదికి చేర్చింది.

అంతసేపట్లో అది ఒక్కసారి కూడా నది ఇవతలికి చూడలేదు.

ఐలా చేతులు కిందికి దించింది. సంతోషపడాలి. పడింది కూడా. కానీ ఆ సంతోషం కింద ఇంకేదో ఉంది. ఇంట్లో ఎవరో సామాను తీసుకెళ్ళిపోతే గోడ మీద మిగిలే తెల్లటి మచ్చ లాంటిది. తను నేర్పిన పనే అది. ఇంత బాగా చేస్తుందని తనకి తెలీదు. తను పక్కన ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు.

తిరుగు ఫెర్రీలో వచ్చేసరికి వెన్లా ఒడ్డునున్న కాఫీ దుకాణంలో కూర్చుని ఉంది, పిల్వి ఆమె కాళ్ళ మీద గడ్డం ఆనించి పడుకుంది. ఐలాని చూసి తోక ఊపింది గానీ లేవలేదు.

“నువ్వే వచ్చావా?” అంది వెన్లా. నువ్వంది. “నేను తొయ్యబోయాను తెలుసా దాన్ని. నేనే మొండికేశాను. నాకంటే అది మొండిది.”

ఐలా వంగి పిల్వి తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. పట్టీ ఉన్నంతసేపూ దాన్ని పలకరించకూడదని ఇన్నేళ్ళుగా ఊరందరికీ చెప్పింది తనే. సాయంత్రం కుక్కని ఇంటికి తీసుకెళ్ళొచ్చని వెన్లాతో చెప్పింది. మామూలుగా అయితే మొదటి నెల శిక్షకురాలు వారం వారం వాళ్ళ ఇంటికి వెళ్ళి చూసి రావాలి. తను కాకుండా ఇంకొకరు వెళ్తే మంచిదని కూడా తనే అంది. ఆ రెండో మాట చెప్పడానికి చాలా కష్టపడింది. వెన్లా ఆమె చేతిని వెతికి పట్టుకుని, కాసేపు వదల్లేదు.

ఇల్కా కాఫీ కప్పు పట్టుకుని బయట నిలబడి ఉన్నాడు. ఐలా అతని పక్కకి వెళ్ళింది.

“ఇకమీదట పరీక్షకి ఇద్దరు ఉండాలి” అంది ఐలా. “నువ్వు వసంతంలో అన్నావు. నేను విన్లేదు.”

“నువ్వొక్కదానివే కాదు, ఎవరూ వినలేదు” అన్నాడు ఇల్కా. “నిన్ను వదిలెయ్యడం మా అందరికీ తేలిక. అంత ప్రేమగా చేసే మనిషి పని మళ్ళీ చూడాలా అనుకున్నాం. నీ సెలవులు మేం వాడుకున్నాం. దానికి బదులుగా నిన్నెవరూ ఏమీ అడక్కుండా వదిలేశాం. నువ్వది స్వేచ్ఛ అనుకున్నావు. నేనూ అలాగే అనుకున్నాను మొదట్లో. కానీ పక్కన నిలబడి ‘ఇలా ఎందుకు’ అని అడిగేవాడు ఒక్కడు లేకపోతే, మనిషి తన ప్రేమని తనెలా చూసుకోగలదు?”

ఐలా అతని వైపు తిరిగింది. అతను ఇంకా ఏదో దాచుకుంటున్నాడని ఆ మొహం చూస్తే తెలిసిపోతోంది. చెప్పమంది.

ఇల్కా కప్పులో మిగిలింది తాగేశాడు. వెనక్కి చూస్తుందన్న కారణంతో ఐలా ఆపేసిన కుక్క పిల్వి ఒక్కటే కాదన్నాడు. ఈ మధ్య కాలంలో ఇంకా ఉన్నాయి. అన్నీ ఆమె ఒంటిచేత్తో తయారుచేసినవే, అన్నిటినీ ఆమె వెనకాల నడుస్తూ పరీక్షించినవే. వాటిలో చాలావరకు కుటుంబాలకి పెంపుడు కుక్కలుగా వెళ్ళిపోయాయి. ఒకటి మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

“రూస్కా” అంది ఐలా.

రూస్కా ఎర్రటి గోధుమరంగు కుక్క. రెండేళ్ళుగా ఆమె ఇంట్లో, ఆమె భర్త కూర్చునే కుర్చీ పక్కన పడుకుంటోంది. ఆయన చనిపోయిన చలికాలంలోనే దాని పరీక్ష జరిగింది. వెనక్కి చూసింది. పనికి రాదని చెప్పి, ఆమె దాన్ని ఇంటికి తీసుకెళ్ళింది. ఆ రోజుల్లో ఆ ఇంట్లోకి ఒంటరిగా వెళ్ళడం ఆమె వల్ల కాలేదు.

“రూస్కా కోసం ఎదురుచూసినాయన గుర్తున్నాడా?” అన్నాడు ఇల్కా.

గుర్తున్నాడు. తౌనో. పెద్దపిల్లల బడిలో చరిత్ర చెప్పేవాడు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. పాఠంలో రాజుల పేర్లు చెప్పి పిల్లల్ని విసిగించనని, ఆ కాలంలో వాళ్ళు పొద్దున్నే ఏం తినేవాళ్ళో చెప్తే చాలు, మిగతాది వాళ్ళే అడుగుతారని అంటుండేవాడు. ఆయనకి ఇంకో కుక్క ఇస్తామని చెప్పారు. మిగతా శిక్షకులెవరో ఇచ్చే ఉంటారని ఐలా అనుకుంది.

ఇవ్వలేదు. వరసలో ముందున్నవాళ్ళకి ఇస్తూ పోయారు, ఆయన వంతు జరుగుతూ పోయింది. తను ఇక్కడికి వచ్చిన కొత్తల్లో ఆయనే ఫోన్ చేశాడని ఇల్కా చెప్పాడు. తన పేరు తీసెయ్యమన్నాడట. బడిలో పాఠాలు చెప్పడం మానేశానని, రోజూ వెళ్ళి రావడం కుదరలేదని, ఇప్పుడు బయట తనకి పనేమీ లేదని, ఇంట్లో కూర్చునేవాడికి దారి చూపే కుక్క ఎందుకని అన్నాడట. కోపంగా అనలేదట. చాలా మర్యాదగా అన్నాడట.

ఒక పడుచువాడు సైకిలు గంట మోగిస్తూ వాళ్ళ పక్కనుంచి వెళ్ళాడు. ఒక మనిషికి తన పని ఎంత ముఖ్యమో ఈ ఊళ్ళో ఎవరికైనా తెలిసుండాలంటే అది తనకే తెలిసుండాలి.

“ఆయన ఇల్లెక్కడ?” అని మాత్రం అడిగింది.

ఇల్కా తను కూడా వస్తానన్నాడు. వద్దంది. రూస్కాకి పరీక్ష పెట్టేటప్పుడు రా, అప్పుడు నేను దూరంగా ఉంటాను, ఇది మాత్రం నేను వెళ్ళాల్సిన చోటు అంది. బడికి వెళ్ళి, గోడకి వేలాడుతున్న వాటిలోంచి ఒక పాత పట్టీ తీసుకుంది. ఇంటికి వెళ్ళి దాన్ని చూపించగానే, రూస్కా ఎప్పుడూ లేచే బద్ధకపు లేవడం లేవలేదు. ఒక్కసారిగా నిలబడి, తల వంచి, పట్టీలోకి తనే దూరింది. రెండేళ్ళుగా తను ఈ కుక్కని ఎంత ముద్దుచేసినా దాని వీపు ఇలా నిటారుగా నిలబడటం ఐలా చూడలేదు. నేల మీద మోకరించి, పట్టీ బకిల్ చేతిలోకి తీసుకుంది. పోనీ వద్దులే అని ఒక్క క్షణం అనిపించింది. ఇంట్లో ఆ కుర్చీ, ఆ కుక్క తప్ప ఆమెకి ఇంకేం మిగల్లేదు. బకిల్ బిగించి లేచింది.

తౌనో ఉండేది నదికి దూరంగా, కొండ మీది పాత అపార్టుమెంట్లలో, మూడో అంతస్తులో. మెట్ల మీద ఎవరో చేప వేయిస్తున్న వాసన. తలుపు మీద ఆయన పేరు ఇత్తడి పలక మీద ఉంది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ ఇప్పుడు నోట్లో లేవు. గంట నొక్కింది.

లోపల రేడియో గొంతు తగ్గింది. చెప్పులు ఈడుస్తున్న చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది.

“ఎవరు?”

ఆ గొంతు ఆమెకి గుర్తున్నంత పెద్దగా లేదు.

“ఐలాని. కుక్కలబడి నుంచి.”

రేడియోలో ఎవరో వాతావరణం గురించి చెబుతున్నారు.

“నా పేరు తీసేశారు కదా” అన్నాడు తౌనో చివరికి. “ఇంకేమైనా మిగిలిందా చెప్పడానికి?”

“మిగిలింది. చాలా మిగిలింది.”

ఆయన తలుపు తియ్యలేదు. తియ్యడేమోనని ఆమెకి అనిపించింది. తియ్యకపోతే తప్పేముంది అని కూడా అనిపించింది. అప్పుడు ఆ గొంతు మళ్ళీ వినిపించింది, ఈసారి తలుపుకి బాగా దగ్గరగా, కిందుగా, మనిషి వంగి మాట్లాడుతున్నట్టు.

“మీరు ఒక్కరే రాలేదు. పక్కన ఇంకెవరో ఊపిరి తీస్తున్నారు. ఎవరది?”

ఐలా నోరు తెరిచింది. ఆమె జవాబు చెప్పేలోపే లోపల తలుపు గొలుసు తీస్తున్న చప్పుడైంది.